ఇరవై తెత్రీల చప్పుడు

త్బిలిసి ఊరి చివర, గ్ల్దాని పేటలో
రంగు వెలిసిన పదహారంతస్తుల మేడ.
లిఫ్టు కదలాలంటే
లోపలి డబ్బాలో ఇరవై తెత్రీల బిళ్ళ వెయ్యాలి.
వేశాను.
ముసలి గుర్రంలా ఒకసారి ఒళ్ళు విదిలించుకుని
పైకి బయల్దేరింది.

ఎనిమిదో అంతస్తులో త్సియాలా గారు
రండి అనైనా అనకుండా
హెడ్‌ఫోన్లు నా చెవులకి తగిలించారు.
"వినండి."

ఆవిడ గొంతే.
చూపులేనివాళ్ళ గ్రంథాలయానికి
నెలకో పుస్తకం చదివి ఇస్తారట.
ఈ నెల తేనెటీగల పెంపకం.
"రాణి ఈగ" అంటుంది గొంతు,
కాగే నూనెలో నీటిబొట్టు పడ్డట్టు చిటచిట.
"గూడు విడిచి" చిటచిట
"వెళ్ళే ముందు"
టప్.

"మరమరాలు నములుతూ చదివినట్టు లేదూ?"
అన్నారావిడ, తప్పంతా నాదే అన్నట్టు చూస్తూ.

పదిహేనేళ్ళుగా ఇదే పని నాది.
నేరం ఎవరిదని అడగను,
ఒక్కొక్కర్నీ గదిలోంచి బయటికి పంపిస్తాను.
స్పీకర్లు పీకేశాను. వాటి పాపం లేదు.
వైరు మార్చాను. పిన్ను తుడిచి గుచ్చాను.
పెట్టె ముందున్న రంధ్రం వదిలేసి
వెనక రంధ్రంలో పెట్టాను, దుమ్ము నా ముక్కులోకి పోయింది.
డ్రైవరు తీసేసి మళ్ళీ ఎక్కించాను.
కరెంటు పొదుపు మానమన్నాను కంప్యూటరుని.
వైఫై ఆపేశాను.
చిటచిట కాస్త సన్నగిల్లింది.

"బఫర్ పెంచి చూస్తాను."
"అంటే?"
"పక్కన నింపి పెట్టుకునే చెంబు.
కంప్యూటరు వేరే పనిలో పడి
నీళ్ళు తేవడం ఆలస్యమైతే ధార తెగుతుంది.
తెగిన చోటల్లా ఒక చిట."
"మరి పెద్ద చెంబు పెట్టకుండా
ఇంతసేపూ ఏం చేస్తున్నారు?"

అరవై నాలుగుని ఐదువందల పన్నెండు చేశాను.
చిటచిట పోయింది.
నా మాట నాకే ఆలస్యంగా వినిపిస్తోందని
ఆవిడ కొత్త ఫిర్యాదు మొదలెట్టారు.
అంతలో
టప్.

చిటచిట వేరు, ఈ టప్ వేరు.
ఒకే ఇంట్లో ఇద్దరు దొంగలు.
వీడికి వేళాపాళా లేదు.
కాగితం మీద రాసుకున్నాను:
పదకొండూ నాలుగు, పదకొండూ తొమ్మిది, వెంటనే ఇంకోటి,
ఆ తర్వాత పావుగంట ఏమీ లేదు.

మీటరు కారులో ఉండిపోయింది.
కిందికి వెళ్ళి తెచ్చుకునేసరికి
ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.
"మీరటు వెళ్ళగానే ఒకటి.
ఇటు వచ్చే ముందు ఒకటి."
ఇద్దరం కాసేపు
బిళ్ళలు గలగలమంటున్న నా జేబు వైపే చూశాం.

గోడ సాకెట్టులో మీటరు పెట్టాను.
ఎర్త్ లేదు.
మేడ కట్టినవాళ్ళు వెయ్యలేదు,
తర్వాత వచ్చినవాళ్ళు అడగలేదు.
లిఫ్టు మోటారు ఒళ్ళు విదిలించిన ప్రతిసారీ
ఆ కుదుపు తిన్నగా ఆవిడ మైకులోకి.

పాత రికార్డింగులు తీశారు.
"ఈ టప్ నర్సు దారెజాన్, రాత్రి డ్యూటీ దిగి వచ్చింది.
ఇది పదకొండో అంతస్తు బొండో, కుక్కతో.
మూడో అంతస్తు జూరాబ్ ఎక్కడా ఉండడు,
బిళ్ళ ఖర్చని మెట్లెక్కుతాడు, పిసినారి."

"ఉంచేస్తారా ఇవి?" అన్నాను.
"ఉంచుకుని ఏం చేసుకుంటాను?
తేనెటీగల కోసం వినేవాళ్ళకి
బొండో కుక్కతో ఏం పని? కోసేస్తాను."

మంచి యూపీఎస్ ధర చెప్పాను.
ఆవిడ తన కుర్చీ వైపు, నా వైపు చూసి నవ్వారు.
పాతది ఎక్కడైనా దొరికితే తెస్తానన్నాను.
డబ్బు తీసుకున్నాను, సగమే.

తలుపు మూస్తుంటే లోపల
మళ్ళీ మొదలైంది గొంతు:
"రాణి ఈగ గూడు విడిచి వెళ్ళే ముందు"

లిఫ్టు నోరు తెరుచుకుని నిలబడి ఉంది.
జేబులో బిళ్ళ వేళ్ళకి తగిలింది.
మెట్లు దిగాను.

ఐదో అంతస్తులో ఎవరో కుర్రాడు
సైకిలు పట్టుకుని బటన్ నొక్కబోతుంటే
ఆగమన్నాను.
"ఎంతసేపు?"
ఏం చెప్పాలో తోచక
"రాణి ఈగ వెళ్ళిపోయేదాకా" అన్నాను.